సైకియాట్రీ నర్సు పోస్టుకి దరఖాస్తు: ఆగిపోయేది కౌన్సిల్ కాగితం దగ్గరే

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి పోస్టులు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద కాంట్రాక్టు పద్ధతిలో పడుతుంటాయి. నోటిఫికేషన్, ఫారం జిల్లా వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఫారం నింపి టెన్త్ నుంచి నర్సింగ్ దాకా మెమోలు, 4 నుంచి 10వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం జతచేసి ఇవ్వడమే. స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే నాన్‌లోకల్ కింద వేస్తారు, అది మరిచిపోవద్దు.

అసలు చిక్కు నర్సింగ్ కౌన్సిల్, అంటే నర్సుల పేర్లు నమోదు చేసే రాష్ట్ర సంస్థ, రిజిస్ట్రేషన్‌తో. మన పిల్లలు చాలామంది బెంగళూరులోనో చెన్నైలోనో చదివి అక్కడి కౌన్సిల్లోనే రిజిస్టర్ అయి వస్తారు. ఇక్కడ అడిగేది ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌ది. మొన్న ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర కావలి అమ్మాయిని చూశాను. ఫైలు ముచ్చటగా ఉంది, ప్రతి మెమో ఒక ప్లాస్టిక్ కవర్లో. రిజిస్ట్రేషన్ మాత్రం కర్ణాటకది. "ట్రాన్స్‌ఫర్‌కి పెట్టాను సార్, ఇదిగో రసీదు" అంది. రసీదు చెల్లదన్నారు. గడువు ఆ మర్నాటితో సరి.

అందుకే నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా, పాసైన వెంటనే పాత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఏపీ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టండి. రెండు కౌన్సిళ్ల మధ్య వెరిఫికేషన్ ఎన్నాళ్లు నడుస్తుందో మన చేతిలో ఉండదు. పెట్టేముందు పేరు చూసుకోండి: టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుండి, పక్క రాష్ట్రం సర్టిఫికెట్లో పూర్తిగా వెనక్కి చేరిందంటే మళ్లీ తిరుగుడే. సైకియాట్రిక్ నర్సింగ్‌లో డిప్లొమా గానీ ఎమ్మెస్సీ గానీ చేసినవాళ్లు దాన్ని అదనపు అర్హతగా కౌన్సిల్లో ఎక్కించుకోవాలి.

డిప్లొమా లేదని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జనరల్ నర్సింగ్ చదివి రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్టర్ అయినవాళ్లు కూడా మెంటల్ హెల్త్ నర్సులే. అయినా నోటిఫికేషన్‌లో అర్హత ఏం రాశారో చూశాకే దరఖాస్తు పెట్టండి.

"పోస్టు మాట్లాడి పెడతా" అనే పెద్దమనుషులు గేటు బయట టీ కొట్టు దగ్గర తగులుతారు. స్టాఫ్ నర్సు కాంట్రాక్టు నియామకాల్లో మొత్తం వందలో కోర్సు మార్కులకు 75, పాసై గడిచిన ఏళ్లకు 10, కాంట్రాక్టు సర్వీసుకు 15 చొప్పున లెక్కేస్తూ వచ్చారు. ఇందులో ఆయన మాట్లాడి పెట్టేదేముంది?

ప్రొవిజనల్ (తాత్కాలిక) మెరిట్ లిస్టు రాగానే మీ మార్కులు మీరే కూడుకోండి. తేడా కనబడితే గడువులోగా అభ్యంతరం రాసిచ్చి, మీ దగ్గరుంచుకునే నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.