మూడోసారి అన్నాకే అసలు పని

మొన్న మా వీధి కుర్రాడొకడు షాపుకొచ్చాడు. "బాబాయ్, మా తాత మర్ఫీ రేడియో అటక మీద ఉంది. వాట్సాప్ గ్రూపులో వేలం పెడదామనుకుంటున్నాను. డబ్బు మోసం జరక్కుండా ఏం చెయ్యాలి?" అన్నాడు. "సరే గాని, స్టేషన్ల పేర్లుండే డైలు అద్దం పగలకుండా ఎలా కట్టి పంపుతావు?" అనడిగాను. తెల్లమొహం వేశాడు.

అందరి భయమూ డబ్బు మీదే. ఇన్నేళ్ళలో మోసగాడి చేతిలో నేను పోగొట్టుకున్నది ఒకేసారి, నాలుగు వేలు. నా కట్టుడు చేతకాక పోయింది దానికి మూడింతల పైనే. ఆ కుర్రాడికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. ముందు డబ్బు సంగతి, తర్వాత పెట్టె సంగతి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మా ఊరు ఇటొచ్చింది, మహేంద్రతనయ ఏటి అవతలి పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. అందుకే నా దగ్గర కొనేవాళ్ళలో తెలుగువాళ్ళు సగం, ఒడియావాళ్ళు సగం. రేడియో రిపేరు నా వృత్తి. ఇప్పుడు రిపేరుకెవరూ తేవడం లేదు కాబట్టి, పాత సెట్లు కొని, బాగుచేసి, వేలంలో అమ్ముతాను.

ఈబే ఇండియా అనే ఆన్‌లైన్ వేలం సైటు ఉన్నన్నాళ్ళూ ఈ బాధ సగమే. కొన్నవాడి డబ్బు వాళ్ళ పైసాపే దగ్గర ఆగేది, సరుకు చేరాక మనకొచ్చేది. 2018 ఆగస్టులో అది మూసేశారు. ఇప్పుడు మా వేలంపాటలన్నీ వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో. మధ్యలో పెద్దమనిషి లేడు. అందుకని ఆ పెద్దరికం పాట మొదలవకముందే మన రాతలో ఉండాలి. నా పోస్టు చివర ఎప్పుడూ ఇది పెడతాను, కావాలంటే తీసుకోండి:

"పాట ఆదివారం రాత్రి 9 గంటలకి ముగుస్తుంది. చివరి 5 నిమిషాల్లో ఎవరు పాడినా ఇంకో 5 నిమిషాలు పొడిగింపు. గెలిచినవారు 48 గంటల్లో పూర్తి డబ్బు వెయ్యాలి. లేకపోతే రెండో పాటవారికి వారు పాడిన ధరకే. పంపే ఖర్చు 850, విడిగా. డబ్బు నా బ్యాంకు ఖాతాలో కనపడిన మర్నాడు కట్టడం మొదలు. పెట్టె తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తియ్యాలి, వీడియో లేకపోతే ఫిర్యాదు లేదు."

పంపే ఖర్చు ముందే ఎందుకు రాయాలంటే, గొడవలన్నీ అక్కడే పుడతాయి. చాలా కొరియర్లు బరువొక్కటే చూడవు, పెట్టె సైజూ చూస్తాయి, ఏ లెక్క ఎక్కువైతే దానికే చార్జీ. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తాయి. 55, 40, 40 ఉన్న పెట్టె 17.6 కిలోల లెక్కలోకి పోతుంది. లోపలి రేడియో తొమ్మిది కిలోలే. ఆ తేడా ఎవరు భరించాలో పాట అయ్యాక మాట్లాడితే గెలిచినవాడికి మీరు దొంగలా కనపడతారు.

ఇక డబ్బు ఎగ్గొట్టేవాళ్ళు. వీళ్ళు దొంగలు కారు, ఎక్కువమంది ఉబలాటం రాయుళ్ళు. ఆదివారం రాత్రి మత్తులో 6,200 పాడేస్తారు, సోమవారం ఉదయం ఇంట్లో తిట్లు పడతాయి. వాళ్ళ వెంట పడకండి. ఒకసారి గుర్తు చెయ్యండి, గడువు దాటాక రెండో పాటవాడికి ఇచ్చెయ్యండి, అదీ వాడు పాడిన ధరకే. మొదటివాడు ఉత్తినే పెంచిపోయిన ధర వాడిమీద రుద్దితే అది మన నీచం. మీ మేనల్లుడి చేత ధర పెంచించే ఆలోచన కూడా పెట్టుకోకండి. గ్రూపులో పదిమంది పాతకాపులుంటారు, పసిగట్టేస్తారు.

నా నాలుగు వేలు పోయిన కథ చెప్తాను. ఒక ఫిలిప్స్ ట్రాన్సిస్టరు. గెలిచినాయన ఫోన్ చేసి, "మా బావమరిది అటే వస్తున్నాడు, వాడికిచ్చెయ్యండి గురువుగారూ, డబ్బు వేసేశాను" అన్నాడు. దీపావళి ముందురోజు, షాపులో టార్చిలైట్ల బేరం. బావమరిది ఆటోలోంచి దిగను కూడా దిగలేదు, కూర్చునే ఫోను చాచాడు. పచ్చటి టిక్కు, నా పేరు, 4,000. అదే నిమిషంలో నా ఫోనుకీ "మీ ఖాతాలో జమ" అని మెసేజి. సెట్టు ఇచ్చేశాను. రాత్రి లెక్క చూసుకుంటే ఖాతాలో ఏమీ లేదు. ఆ మెసేజి పది అంకెల మామూలు నంబరు నుంచొచ్చింది. బ్యాంకు మెసేజి అలా రాదు, నంబరు బదులు బ్యాంకు పేరున్న అక్షరాలతో, అదే హెడరుతో, వస్తుంది. అది తెలిసినవాణ్ణే, చూళ్ళేదు.

అప్పట్నుంచి స్క్రీన్‌షాట్ పంపితే "సంతోషం" అంటాను, అంతే. బ్యాంకు యాప్ తెరిచి, బ్యాలెన్సు కాదు, లావాదేవీల వరస చూస్తాను. కొన్నవాడు చెప్పిన 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు అక్కడుందా లేదా అన్నదే లెక్క. వాడి ఖాతాలో కోసి నా ఖాతాలో పడకపోవడం నిజంగానే జరుగుతుంది. అప్పుడు కంగారు పడొద్దని చెప్తాను. రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం మనిషికీ మనిషికీ మధ్య యూపీఐలో అలా చిక్కుకున్న డబ్బు మర్నాటికల్లా వెనక్కి పడాలి, దాటితే రోజుకి 100 రూపాయలు బ్యాంకే ఇచ్చుకోవాలి. అది వెనక్కి పడ్డాక మళ్ళీ వెయ్యమంటాను. ఈలోగా రేడియో బల్ల మీదే ఉంటుంది.

"డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనేవాడు, మిలటరీ యూనిఫారం ఫోటో పెట్టుకుని తొందరపెట్టేవాడు, ఇద్దరూ ఒకే బడి విద్యార్థులు. డబ్బు రావడానికి మన పిన్ అక్కర్లేదు. ఇంతకంటే చెప్పాల్సిందేం లేదు.

దీనికంటే తెలివైనది ఇంకోటుంది. 6,200 బదులు 26,000 నిజంగానే పడుతుంది. "పొరపాటైంది, మిగతాది ఈ వేరే నంబరుకి పంపండి" అంటాడు. పంపకండి. ఆ డబ్బు ఎవరిదో దొంగిలించినదైతే రేపు వాళ్ళ ఫిర్యాదు మీద మీ ఖాతా స్తంభిస్తుంది. బ్యాంకుకెళ్ళి కాగితం రాసిచ్చి, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపించమనండి. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. నేను మర్నాడు చేశాను. అయినా నా ఖాతా లోంచి పోయిందేమీ లేదు కదా, పోయింది సెట్టు.

విదేశాల వాళ్ళు పేపాల్‌తో ఇస్తారు. 180 రోజుల దాకా వాళ్ళు వివాదం పెట్టొచ్చు కాబట్టి లావాదేవీలో ఉన్న చిరునామాకే పంపాలి, ట్రాకింగ్ ఉన్న పద్ధతిలోనే పంపాలి. "మా అన్నయ్య అడ్రసుకి పంపండి" అంటే కుదరదనాలి. వీపీపీ, అంటే సరుకు అందాక పోస్టుమ్యాన్‌కి డబ్బిచ్చే పద్ధతి, అడిగేవాళ్ళకీ నాది అదే మాట. తీసుకోనంటే పెట్టె తిరిగొస్తుంది, గాజున్న సరుకుకి రెండు ప్రయాణాలు.

ఇప్పుడు పెట్టె. నా మొదటి బుష్ సెట్టుని వరిగడ్డిలో కట్టాను. మా నాన్న సామాను అలాగే కట్టేవారు. గడ్డి బయల్దేరినప్పుడు బుస్సున ఉంటుంది, రెండు వందల కిలోమీటర్లు కుదిపాక అణిగిపోతుంది. పైన మిగిలిన ఖాళీలో రేడియో గుమ్మడికాయలా దొర్లుతుంది. అందులో వానాకాలం, గడ్డి చెమ్మ పట్టి చెక్క మీది పల్చటి వెనీరు పొర ఉబ్బింది. అది పోయాక ఇంకోసారి అతిజాగ్రత్త. డైలు అద్దం పగలకూడదని లోపలివైపు సెల్లో టేపు అంటించి పంపాను. అద్దం పగల్లేదు. కొన్నాయన టేపు లాగితే ఢిల్లీ, కలకత్తా, సిలోను, ఆ పేర్లన్నీ టేపుతో పాటు ఊడొచ్చాయి. అక్షరాలు అద్దం వెనకవైపే అచ్చువేసి ఉంటాయి. ఆ ఫోటో ఆయన పంపినప్పుడు రోజంతా అన్నం సయించలేదు. ఐదు వేలూ తిరిగిచ్చేశాను.

ఇప్పుడు నేను కట్టేది ఇలా. వెనక అట్ట విప్పి, ప్రతి వాల్వు (పాత రేడియోల్లో బల్బు లాంటి గాజు గొట్టం) సాకెట్టు పక్కన మార్కరుతో అంకె వేసి, వాల్వు మీద అదే అంకె వేసి, ఒక్కొక్కటీ తిన్నగా పైకి లాగుతాను. వంచి లాగితే కాళ్ళు వంకరపోతాయి. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, బూట్ల అట్టపెట్టెలో పడుకోబెడతాను. ఆ పెట్టె రేడియో లోపల కాదు, పక్కన. ట్రాన్స్‌ఫార్మరు మరలు బిగిస్తాను, సెట్టులో బరువంతా అదే, ఊడిందంటే లోపల రోకలి. స్పీకరు ముందు గుడ్డకి అట్టముక్క అడ్డం. నాబులు తీసి కవర్లో. డైలు అద్దానికి ముందు మెత్తటి గుడ్డ, దాని మీద థర్మోకోల్ పలక, బయట నుంచి తాడు, అద్దానికి జిగురేదీ తగలకూడదు. ట్రాన్సిస్టరైతే బ్యాటరీలు తీసెయ్యాలి, కారిపోతాయి.

తర్వాత పాలిథిన్ కవరు, తర్వాత బబుల్ రేపర్ నాలుగు చుట్లు, తర్వాత లోపలి పెట్టె, దాని చుట్టూ మూడంగుళాలు థర్మోకోల్, తర్వాత యాపిల్ పళ్ళ పెట్టె లాంటి గట్టి బయటి పెట్టె. పాలిథిన్ దండగనుకోకండి. 2018 అక్టోబరు 9న ఒక సెట్టు పంపాను, 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అతలాకుతలమైంది, పెట్టె ఎక్కడ తడిసిందో గాని పదహారు రోజులకి చేరింది. బయటి అట్ట పిండిలా ఉంది, లోపల రేడియో పొడిగా ఉంది. తుపాను హెచ్చరిక ఉంటే పంపకుండా ఆగాలన్నది అప్పుడే నేర్చుకున్నాను. అలా ఆగిన నాలుగు రోజులకి కొన్నవాళ్ళెవరూ అలగలేదు.

మూత వెయ్యకముందు చిరునామా, ఫోను నంబరు రాసిన చీటీ ఒకటి లోపలా పెట్టాలి. పై చీటీ చినిగినా పెట్టె అనాథ కాదు. మూత వేశాక రెండు చేతుల్తో ఊపి చూడాలి. గిలక్కాయ చప్పుడొస్తే మళ్ళీ విప్పాలి. రేడియో మోగుతున్నప్పటి నుంచి టేపు వేసి కాటా మీద పెట్టేదాకా ఒకటే వీడియో, మా ఆవిడ పట్టుకుంటుంది. తూకం పెట్టె మీద రాస్తాను. రసీదులో బరువూ అదే ఉంటే, తర్వాత "లోపల ఇటుకలున్నాయి" అనేవాడికి జవాబుంటుంది.

పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేస్తాను. ఒకప్పుడు మా ఇంటి రేడియోకి లైసెన్సు డబ్బు కట్టిన కిటికీలోంచే ఇప్పుడు రేడియోలు పంపుతున్నాను. ఇన్సూరెన్సు లేకుండా పోతే నష్టపరిహారం కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే. 6,200 సెట్టుకి అది ఏ మూలకి? అందుకే పాట ధరకి ఇన్సూర్ చేస్తాను, ఆ ఖర్చు 850లోనే కలిపాను. 13 అక్షరాల ట్రాకింగ్ నంబరు రసీదు ఫోటోతో సహా అక్కడ్నుంచే పంపేస్తాను. పెట్టె చేరేరోజు "నలిగి ఉంటే తెరవకముందే ఆరువైపులా ఫోటో తియ్యండి బాబూ" అని ఒక మెసేజి.

పాతపట్నం వాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు. ఏరు దాటి వస్తారు, మోగించి చూసుకుంటారు, టీ తాగి పట్టుకుపోతారు.

ఇది రాస్తుండగా బల్ల మీద రాయగడకి వెళ్ళాల్సిన మర్ఫీ పెట్టె ఉంది. డబ్బు నిన్ననే పడింది, రిఫరెన్స్ నంబరు కలిసింది, తూకం 10 కిలోల 400. మా ఆవిడ ఊపి చూసి, లోపల ఏదో చిన్నగా చప్పుడొస్తోందంటోంది. నాకైతే వినపడటం లేదు. కత్తెర ఎక్కడ పెట్టానో.