ఓడ నమూనాకు మెట్ల తాళ్లు కట్టే పద్ధతి

కొయ్యతో తెరచాప ఓడల నమూనాలు చేసేవారు తొందరపడకూడని పని రాట్‌లైన్లు కట్టడం, అంటే నావికులు పైకి ఎక్కడానికి వీలుగా స్తంభాన్ని ఇరువైపులా బిగించి ఉంచే ష్రౌడ్ తాళ్లకు అడ్డంగా మెట్ల తాళ్లు ముడివేయడం. నిజమైన ఓడల్లో మెట్ల మధ్య ఎడం సుమారు 15 అంగుళాలు కాబట్టి, ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో నేటికీ ఉన్న పాత తెరచాప యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ విక్టరీని 1:96 కొలతలో చేస్తే అది దాదాపు 4 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ ఎడంతో గీతలు గీసిన తెల్ల కాగితాన్ని ష్రౌడ్ల వెనుక నిలిపి, గీత వెంట ప్రతి ష్రౌడ్‌కూ క్లోవ్ హిచ్ ముడి (దారాన్ని ష్రౌడ్ చుట్టూ అడ్డంగా దాటిస్తూ రెండుసార్లు తిప్పి, కొనను రెండో చుట్టు కిందుగా దూర్చే ముడి) వేయండి.

ముడిని ముడిగా బిగించాలే తప్ప, రెండు ముడుల మధ్య దారాన్ని మాత్రం లాగకూడదు. కొద్దిగా లాగినా బయటి ష్రౌడ్లు లోపలికి వంగిపోయి, పదో వరుసకు వచ్చేసరికి మొత్తం నడుము సన్నబడిన డమరుకంలా కనిపిస్తుంది. తరువాత దాన్ని సరిచేయాలంటే అన్నీ విప్పడమే దారి. అందుకే కింది నుంచి వరుసగా పోకుండా, మొదట అయిదేసి వరుసలకు ఒకటి చొప్పున కట్టి ష్రౌడ్లను తిన్నగా నిలుపుకొని, ఆపై మధ్యవి పూరించడం మేలని నా గట్టి అభిప్రాయం.

దారానికి ముందుగా తేనెమైనం పట్టిస్తే నూగు అణిగిపోతుంది. ముడి నిలవడానికి నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను కుంచె కొనతో ఒక్క చుక్క అంటిస్తే చాలు. క్షణంలో అతికే జిగురు దారాన్ని పెళుసుగా మార్చి మెరుపు మచ్చలు మిగులుస్తుంది కనుక దాన్ని ఇక్కడ వాడకండి. జిగురు పూర్తిగా ఆరిన తరువాతే చివరలు కత్తిరించండి.