సెస్నా 172 ఫ్యూయల్ ట్యాంకులో నీళ్లు కనిపిస్తే

రాత్రంతా వాన కురిసిన మర్నాడు, లేదా విమానాన్ని కడిగాక, ప్రీఫ్లైట్‌కి, అంటే ఎగరక ముందు చేసే తనిఖీకి, కాస్త ఎక్కువ టైమ్ పెట్టుకోండి. నీళ్లు చాలాసార్లు దిగేది రెక్క మీదున్న ఫిల్లర్ మూత దగ్గరే, దాని కింద రబ్బరు రింగు ఎండి పగిలిపోయి ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రి నిలిపితే లోపలి గాల్లోని తేమ కూడా నీరవుతుంది.

172ఎస్ మోడల్‌కి మొత్తం 13 డ్రెయిన్లు (ఫ్యూయల్ శాంపిల్ తీసే చిన్న వాల్వులు), ఒక్కో రెక్క కింద 5, పొట్ట కింద 3. పాత మోడళ్లకి ఇన్ని ఉండవు. అన్ని చోట్లా శాంపిల్ తీయడం విసుగే, అయినా తీయాల్సిందే, ఎందుకంటే లీటరు ఏవీగ్యాస్ (ఈ విమానంలో పోసే పెట్రోలు) బరువు సుమారు 0.72 కిలోలు, లీటరు నీళ్లు కిలో, అందుకే నీళ్లు ఏ మూల పల్లంగా ఉంటే ఆ మూలకి జారిపోతాయి, విమానం ఏటవాలు నేల మీద ఆగితే ఆ పల్లం కూడా మారిపోతుంది. రోజూ మొదటి ఫ్లైట్‌కి ముందు, ఫ్యూయల్ నింపిన ప్రతిసారీ తీయాలి. నింపిన వెంటనే మాత్రం కాదు, నీళ్లు అడుక్కి చేరడానికి కొంచెంసేపు ఆగండి.

శాంపిల్ కప్పుని తెల్లటి దేనికైనా ఎదురుగా పెట్టి చూడండి. 100ఎల్ఎల్ రకం ఏవీగ్యాస్ లేత నీలం. నీళ్లుంటే అడుగున విడిగా గీతలాగా, బుడగల్లాగా కనిపిస్తాయి. అసలు ప్రమాదం కప్పు మొత్తం నీళ్లే వచ్చినప్పుడు: గీత ఉండదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. అందుకే రంగు, వాసన రెండూ చూడాలి, అనుమానం వస్తే అందులోనే కాస్త మంచి ఏవీగ్యాస్ పోయండి, కింద ఉన్నది నీళ్లయితే అది పైన తేలుతుంది.

నీళ్లు వచ్చాయా? శుభ్రమైన శాంపిల్ వచ్చేదాకా తీయండి. తర్వాత రెక్కల్ని మెల్లగా ఊపండి, తోకని నేల వైపు దించండి, దాంతో మూలల్లో ఇరుక్కున్న నీళ్లు డ్రెయిన్ల దగ్గరికి వస్తాయి. కొన్ని నిమిషాలు ఆగి అన్నీ మళ్లీ మొదటినుంచి తీయండి, స్ట్రెయినర్‌తో (ఫ్యూయల్‌ని వడకట్టే జల్లెడ) సహా. ఒక్క కప్పు శుభ్రంగా వచ్చింది కదా అని బయల్దేరేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఊపాక కూడా నీళ్లు వస్తూనే ఉంటే ఆ విమానం ఆ రోజు ఎగరదు, అంతే. స్లాట్ పోతుందని, ఫ్లైయింగ్ గంటలు తగ్గుతాయని ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకి టెన్షన్ ఉంటుంది, తెలుసు, కానీ టేకాఫ్‌లో ఇంజిన్ ఆగితే తప్పించుకోడానికి ఎత్తు ఉండదు. టెక్ లాగ్‌లో (విమానంలోని లోపాలు రాసే పుస్తకం) రాసి ఇంజినీర్‌కి అప్పగించండి. ట్యాంకులు పూర్తిగా ఖాళీ చేయడం, స్ట్రెయినర్ విప్పి కడగడం, లైన్లు శుభ్రం చేయడం ఆయన పని. నీళ్లు ఎలా వచ్చాయో తేలకుండా వదిలేయకండి, తర్వాతి వానకి మళ్లీ అదే కథ.

ఇంకో కల్తీ ఉంది, పొరపాటున జెట్ ఏ (జెట్ విమానాల్లో వాడే, కిరోసిన్ లాంటి ఇంధనం) పోయడం. ఏవీగ్యాస్‌లో కలిస్తే నీలం పూర్తిగా పోకపోవచ్చు, కాబట్టి రంగుని నమ్మొద్దు. తెల్ల కాగితం మీద చుక్క వేసి ఆరనివ్వండి: ఏవీగ్యాస్ ఆవిరైపోతుంది, జెట్ ఏ అయితే జిడ్డు మరక మిగులుతుంది. మరక కనిపిస్తే స్టార్ట్ చేయొద్దు, అప్పటికే చేసి ఉంటే దాచకుండా ఇంజినీర్‌తో చెప్పండి, ఇంజిన్ కూడా తనిఖీ చేయాల్సి వస్తుంది.

తీసిన శాంపిళ్లని నేల మీద పారబోయకండి, అందులో సీసం ఉంటుంది. వాటికోసం పెట్టిన డబ్బాలో పోయండి.