పెద్ద అక్వేరియం నిర్వహణ – 6వ పాఠం: గ్రావెల్ తీసి ఇసుక పరచడం

ఫిల్టర్ స్పాంజ్‌ను కొళాయి కింద కడగకుండా ట్యాంక్ నీళ్లలోనే ఎందుకు పిండాలో కిందటి పాఠంలో చూశాం. స్పాంజ్‌లో ఉండే మేలు చేసే బ్యాక్టీరియా పోకూడదన్న ఆ కారణం గుర్తుంటే ఈ పాఠం సగం వచ్చినట్టే. చేపల మొప్పల నుంచి, రెట్ట నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా నీళ్లలో తేలుతూ ఉండదు. స్పాంజ్, అద్దం, మొద్దు, రాయి, ఇలా ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని బతుకుతుంది. ఆరడుగుల ట్యాంక్ అడుగున రెండు మూడు అంగుళాల మందాన గ్రావెల్, అంటే చిన్న రాళ్లు, పరిచి ఉన్నాయంటే, ఆ రాళ్ల మీద జిగురుగా తగిలే పొరలో మీ చేపల ప్రాణాలను కాపాడే బ్యాక్టీరియా చాలా ఉందని అర్థం.

ఒక్క ఆదివారం పొద్దున ఆ రాళ్లన్నీ ఎత్తి పారేసి, సాయంత్రానికి ఇసుక పోసేస్తే ట్యాంక్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో అమ్మోనియా పెరిగి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. తప్పు ఇసుకది కాదు, తొందరది. అందుకే ఈ పాఠంలో మొదటి నుంచి చివరి దాకా ఒకటే పద్ధతి పాటిద్దాం: రాళ్లు వారాల తరబడి తీయాలి, ఇసుక ఒక్క రోజులో వేయాలి.

అసలు ఎవరికి అవసరం?

కోరీలు, లోచ్‌ల లాంటి అడుగున తిరిగే చేపలు పెంచేవాళ్లకు ఇసుక తప్పనిసరి అనే నా అభిప్రాయం. కోరీ క్యాట్‌ఫిష్ ఇసుకను నోట్లోకి తీసుకుని, అందులోని మేత ఏరుకుని, మిగతాది మొప్పల గుండా వదిలేస్తుంది. రాళ్లలో ఆ పని చేయలేదు. పైగా పదునైన రాళ్లు, వాటి సందుల్లో పేరుకున్న మురికి కలిసి దాని మీసాలను పాడు చేస్తాయి. మన చెరువుల్లో దొరికే బొమ్మిడాయిని ట్యాంక్‌లో పెంచేవాళ్లు కూడా ఉన్నారు. దానికి ఇసుక లేకపోతే దాక్కునే చోటే లేనట్టు. ఒళ్లంతా ఇసుకలో దూర్చి, మూతి మాత్రం బయటపెట్టి పడుకోవడం దాని స్వభావం. గోల్డ్‌ఫిష్‌ల విషయానికొస్తే, బఠాణీ గింజంత రాళ్లు వాటి గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఇసుకతో ఆ టెన్షన్ ఉండదు.

టెట్రాలు, ఏంజెల్స్ లాంటి మధ్య నీటిలో తిరిగే చేపలు మాత్రమే ఉన్నవాళ్లు కేవలం అందం కోసం ఇంత పని పెట్టుకోవాలా అన్నది ఒకసారి ఆలోచించుకోండి. గ్రావెల్‌ను సరిగ్గా సైఫన్ చేస్తుంటే, అంటే గొట్టంతో మురికిని నీళ్లతో పాటు బయటికి లాగేస్తుంటే, వాటికేమీ లోటు లేదు.

ముందు ఫిల్టర్ సంగతి తేల్చండి

మీ ట్యాంక్‌లో రాళ్ల కింద చిల్లుల ప్లాస్టిక్ పలకలు, మూలల్లో పైకి లేచిన గొట్టాలు ఉంటే అది అండర్‌గ్రావెల్ ఫిల్టర్. పాత ట్యాంకులు చాలావాటిలో ఇదే ఉంటుంది. దాని మీద ఇసుక పోయకూడదు. ఇసుక చిల్లుల్లోంచి కిందికి జారి, పలక కింద నిండి, నీటి దారి మూసేస్తుంది. పైగా ఇలాంటి ట్యాంక్‌లో ఫిల్టర్ అంటే ఆ రాళ్లే, వేరే ఏమీ లేదు. కాబట్టి ముందు ఒక క్యానిస్టర్ (ట్యాంక్ బయట పెట్టి గొట్టాలతో కలిపే మూత ఫిల్టర్) గానీ, పెద్ద స్పాంజ్ ఫిల్టర్లు రెండు గానీ పెట్టి, పాతదాన్ని ఆపకుండా రెండింటినీ కలిపి కనీసం నెల, వీలైతే ఆరు వారాలు నడపండి. ఆ తర్వాతే మొదటి రాయి తీయండి.

క్యానిస్టర్ గానీ సంప్ (ఫిల్టర్‌గా వాడే విడి తొట్టి) గానీ ముందు నుంచే ఉన్నవాళ్లు ఆగనక్కర్లేదు. కానీ రాళ్లు తీసే రోజుల్లో, దానికి రెండు వారాల ముందూ వెనకా ఫిల్టర్ మీడియాను, అంటే లోపలి స్పాంజ్ లాంటి వడపోత సామాన్లను, కడగొద్దు.

కాలం ఎంచుకోవడం

మన తిరుపతి, చిత్తూరు వైపు ఈ పనికి సంక్రాంతి దాటాక, మహాశివరాత్రి లోపు మంచి సమయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఇసుక ఎండదు, ఏటి ఇసుకలో ఒండ్రు ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. అలాంటప్పుడు చేపలను డ్రమ్ముల్లోకి మార్చడం వాటికి రెట్టింపు కష్టం.

ఇసుక ఎంపిక

ఇక్కడ నిదానంగా చదవండి. ఈ పనిలో తర్వాత వచ్చే ఇబ్బందులు సగం ఇసుక ఎంపిక దగ్గరే మొదలవుతాయి.

నా మొదటి ఎంపిక సిలికా ఇసుక. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట ప్రాంతంలో సిలికా ఇసుక గనులున్నాయి కాబట్టి మనకిది దూరపు వస్తువు కాదు. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లకు, ఆర్వో ప్లాంట్లకు మీడియా అమ్మే దుకాణాల్లో సంచుల లెక్కన దొరుకుతుంది. 16/30 మెష్ అని అడగండి. అంటే గింజ సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమీటర్లు. ఇంతకంటే సన్నదైతే మేకులా బిగుసుకుపోతుంది, ముతకదైతే మళ్లీ సందుల్లోకి మేత దూరుతుంది.

రెండోది ఏటి ఇసుక. స్వర్ణముఖి ఇసుకైనా, నీవా ఇసుకైనా, గింజలు నీటిలో దొర్లి కొంత నునుపుదేలి ఉంటాయి, రంగు కూడా సహజంగా ఉంటుంది. కాకపోతే ఊళ్ల మురుగు కలిసే చోటి నుంచి తెచ్చిన ఇసుక మాత్రం వద్దు. ఇల్లు కట్టే సామాన్ల దుకాణంలో కొనేటప్పుడు "అన్నా, ఇది ఏటి ఇసుకేనా, ఎం-శాండ్ కలిపిందా?" అని తప్పక అడగండి. ఎం-శాండ్ అంటే రాయిని యంత్రంలో పిండి చేసింది. గింజలకు అంచులుంటాయి, దుమ్ము ఎంత కడిగినా పోదు. కోరీల ట్యాంక్‌కు అది అసలు పనికిరాదు. సముద్రపు ఇసుక కూడా వద్దు. అందులోని గవ్వల పొడి నీటి కాఠిన్యాన్ని పెంచుతూనే ఉంటుంది.

ఏ ఇసుక తెచ్చినా మూడు పరీక్షలు చేయండి. ఆరిన ఇసుక గుప్పెడు తీసుకుని దాని మీద వెనిగర్ పోయండి. బుసబుసమని బుడగలు వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్టు. మన బోరు నీళ్లు ముందే కాఠిన్యంతో ఉంటాయి, ఇది తోడైతే పీహెచ్ ఇంకా ఎక్కుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, ఉన్న అమ్మోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది. అందుకే ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు.

రెండో పరీక్షకు ఒక అయస్కాంతం కావాలి. దాన్ని పాలిథిన్ కవర్‌లో చుట్టి ఇసుకలో తిప్పండి. గ్రానైట్ ప్రాంతాల ఏటి ఇసుకలో నల్లటి ఇనుప ఖనిజపు రేణువులు ఉంటాయి. చేపలకు వాటితో ఇబ్బంది లేదు గానీ, క్యానిస్టర్ మోటారులో తిరిగే ఇంపెల్లర్ కూడా అయస్కాంతమే. ఆ రేణువులు దానికి అతుక్కుని, లోపల గీరుకుంటూ మోటారును అరగదీస్తాయి. అయస్కాంతానికి నల్లగా గుత్తిలా పట్టుకుంటే ఆ ఇసుక వదిలేయండి. మూడోది సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు పోసి గట్టిగా ఊపి పక్కన పెట్టండి. గంట తర్వాత ఇసుక మీద మట్టి పొర ఎంత మందం ఉందో చూస్తే, కడగడానికి ఎంత ఓపిక కావాలో తెలిసిపోతుంది.

ఎంత కావాలి? ట్యాంక్ పొడవు, వెడల్పు, ఇసుక మందం మూడింటినీ సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించండి. అవి లీటర్లు. లీటరు పొడి ఇసుక సుమారు కిలోన్నర తూగుతుంది. 180 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్న ట్యాంక్‌లో 4 సెంటీమీటర్ల మందానికి 43 లీటర్లు, అంటే దాదాపు 65 కిలోలు. సగటున 4 సెంటీమీటర్లు దాటించకండి. మందం పెరిగితే అడుగున గాలి ఆడక, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది.

కడగడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఏటి ఇసుకైతే ముందు మేస్త్రీలు వాడే జల్లెడతో పుల్లలు, పెంకులు తీసేయండి. బకెట్‌లో మూడో వంతు మాత్రమే ఇసుక వేసి, పైపు అడుగు దాకా దించి, చేత్తో కలుపుతూ నీళ్లు పొర్లించండి. పొర్లే నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపొద్దు. సబ్బు, డిటర్జెంట్ దగ్గరికి రానీయకండి. తర్వాత మిద్దె మీద పలచగా పరిచి రెండు మూడు రోజులు ఎండనివ్వండి. కడిగిన నీళ్లు మొక్కలకు పోయొచ్చు.

రాళ్లు తీసే నాలుగు వారాలు

మొదటి వారం ట్యాంక్‌ను మనసులోనే నాలుగు భాగాలు చేసుకోండి. ఒక చివరి భాగంలో ముందు సైఫన్‌తో రాళ్ల మధ్య మురికిని బాగా లాగేయండి. ఈ పని చేయకుండా రాళ్లు కదిపితే మురికంతా ఒక్కసారి లేచి చేపల మొప్పల్లోకి వెళ్తుంది. తర్వాత కొత్త ప్లాస్టిక్ డస్ట్‌పాన్‌తో రాళ్లను మెల్లగా ఎత్తి బకెట్‌లో వేయండి. ఇనుప పార, గరిటె వాడితే అద్దం గీరుకుపోతుంది. చేపలు వాటంతట అవే రెండో చివరికి వెళ్లిపోతాయి, వాటిని పట్టాల్సిన పని లేదు.

తీసిన రాళ్లలో రెండు గుప్పెళ్లు ఉల్లిపాయల వల సంచిలో కట్టి, ఫిల్టర్ నుంచి నీళ్లు పడే చోట వేలాడదీయండి. వారం వారం దానికి ఇంకొంచెం చేర్చండి. రాళ్ల మీది బ్యాక్టీరియాలో కొంత భాగం ట్యాంక్‌లోనే ఉండిపోతుంది.

ప్రతి విడత తర్వాత మూడు రోజులు అమ్మోనియా పరీక్ష చేయండి. మేత సగానికి తగ్గించండి. అమ్మోనియా 0.25 పీపీఎం కనిపిస్తే పాతిక నుంచి ముప్పై శాతం నీళ్లు మార్చండి. మునిసిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ మరిచిపోవద్దు. రీడింగ్ సున్నాకు వచ్చేదాకా తర్వాతి భాగాన్ని ముట్టుకోకండి, వారం కాస్తా పది రోజులైనా సరే. కొందరు ఇంకా ఉన్న రాళ్ల మీదే ఇసుక పోసేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు. ఇసుక సందుల్లోంచి కిందికి దిగిపోయి, రాళ్లు పైకి తేలుతాయి.

ఇసుక వేసే రోజు

ముందు రోజు మేత పెట్టొద్దు. పొద్దున్నే హీటర్ ఉంటే దాని స్విచ్ ఆపి, అరగంట చల్లారనిచ్చాకే నీళ్లు తగ్గించండి. వేడి హీటర్ నీటి బయటికొస్తే గాజు పగులుతుంది. ట్యాంక్ నీళ్లనే ఆహార పదార్థాలకు వాడే శుభ్రమైన డ్రమ్ముల్లోకి తోడి, మొద్దులు, అలంకరణ తీసేసి, నీళ్లు జానెడు లోతుకు తగ్గాక చేపలను పట్టండి. అప్పుడు వాటిని తరమాల్సిన అవసరం ఉండదు. డ్రమ్ముకు ఎయిర్ పంప్ పెట్టి, పైన వల కప్పండి. చేపలు గెంతుతాయి. కరెంటు పోయే ఇబ్బంది ఉన్నచోట బ్యాటరీ ఎయిర్ పంప్ సిద్ధంగా ఉంచుకోండి.

చాలామంది మరిచిపోయేది క్యానిస్టర్‌ను. ఆపేసి మూలన పెడితే లోపలి నీటిలో ఆక్సిజన్ అయిపోయి, ఇన్ని వారాలు కాపాడుకున్న బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. దాని రెండు గొట్టాలనూ చేపలున్న డ్రమ్ములో పెట్టి అక్కడే నడపండి.

పెద్ద బండరాళ్లుంటే వాటిని ఇసుక కంటే ముందే అడుగు అద్దం మీద, కింద పలుచటి థర్మోకోల్ ముక్క వేసి నిలబెట్టండి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి చేపలు ఇసుక తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఏదో ఒక రోజు ఒరిగి అద్దానికి తగులుతుంది.

అడుగున మిగిలిన మురికి లాగేశాక, ఇసుకను తడిపి మగ్గుతో అడుగు దాకా దించి పోయండి. పై నుంచి కుమ్మరించొద్దు. ముందు 3, వెనక 5 సెంటీమీటర్లుగా కొంచెం వాలు పెడితే ట్యాంక్ లోతుగా కనిపిస్తుంది, సగటు మాత్రం 4 దాటదు. ఇసుక మీద ఒక పళ్లెం బోర్లించి, నీళ్లు దాని మీద పడేలా నింపండి. డ్రమ్ముల్లోని పాత నీళ్లలో చేపలకు సరిపడా ఉంచి మిగతాది వాడుకోండి. తగ్గిన మేరకు క్లోరిన్ తీసిన కొత్త నీళ్లు కలపండి. ఫిల్టర్ నీళ్లు లాగే మూతిని ఇసుక నుంచి కనీసం జానెడు ఎత్తులో పెట్టి, దానికి స్పాంజ్ తొడగండి.

పలుచని తెలుపు మబ్బు కొన్ని గంటలు ఉంటుంది. అది కాస్త తగ్గాక, డ్రమ్ములోని నీటి వేడి, ట్యాంక్ వేడి ఒకటయ్యాయో లేదో థర్మామీటర్‌తో చూసి చేపలను వదలండి. ఫిల్టర్‌లో కొత్త దూది పొర ఒకటి వేస్తే మిగిలిన మబ్బు రెండు మూడు రోజుల్లో పోతుంది.

తర్వాతి రెండు వారాలు రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. మేత సగమే. వల సంచిలోని రాళ్లను నెల దాటేదాకా తీయొద్దు.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీకు దొరికే రెండు మూడు రకాల ఇసుక గుప్పెడేసి తెచ్చి వెనిగర్, అయస్కాంతం, సీసా పరీక్షలు చేసి ఫలితాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ ట్యాంక్ కొలతలతో ఇసుక లెక్క కూడా వేయండి. 7వ పాఠంలో ఇసుక మీద పేరుకునే మురికిని, ఇసుక గొట్టంలోకి రాకుండా సైఫన్ చేయడం నేర్చుకుందాం. దానికి అరంగుళం లోపలి వ్యాసం ఉన్న పారదర్శక గొట్టం రెండు మీటర్లు తెచ్చి పెట్టుకోండి.