నౌకాదళంలో పనిచేసిన ఎలక్ట్రీషియన్ జీవితాన్ని సంస్మరణగా రాయడం ఎలా

మా పెద్దనాన్నగారు వయసులో ఉన్నన్నాళ్లూ నౌకాదళంలో పనిచేసి, విరమణ తరువాత ఎలక్ట్రీషియన్‌గా స్థిరపడ్డారు. ఆయన పోయిన కొద్ది రోజులకు, సంస్మరణ సభలో చదవడానికి నేను రెండు పేజీలు రాసి పెద్దమ్మకు చూపించాను. ఆమె ఓపికగా చివరిదాకా చదివి, "ఇందులో మీ పెద్దనాన్న ఎక్కడరా?" అని అడిగింది. భక్తిపరుడు, క్రమశిక్షణ గలవారు, పరోపకారి అని నేను రాసిన మాటలు ఎవరి పేరు కింద పెట్టినా సరిపోతాయి. ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి రాయడానికి కూర్చున్నప్పుడు తెలిసివచ్చిన పద్ధతిని, అటువంటి పెద్దల గురించి రాయవలసి వచ్చినవారికి పనికొస్తుందన్న ఆశతో ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా కాగితాలు వెతకాలి. సేవ ముగించిన నావికుడికి నౌకాదళం సాధారణంగా ఒక పత్రం ఇస్తుంది. చేరిన తేదీ, విడుదలైన తేదీ, హోదా, పతకాలు వంటి వివరాలకు అదే ఆధారం. అమెరికాలో 1950 నుంచి ఆ పత్రాన్ని డీడీ-214 అంటున్నారు. అది ఇంట్లో దొరకకపోతే సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి దగ్గరి బంధువులు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ 1973 జులై 12న జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు నాశనమైన మాట నిజమే గాని, అవి ప్రధానంగా భూసైన్యానికి, వైమానిక దళానికి చెందినవి. కాబట్టి నావికుడి కుటుంబం ఆ వార్త విని ఆశ వదులుకోనక్కరలేదు. భారత నౌకాదళంలో విద్యుత్ విభాగం వారికి శిక్షణ జామ్‌నగర్‌లోని ఐఎన్‌ఎస్ వల్సురాలో జరుగుతుంది కనుక, పాత ఫొటో వెనుక ఆ పేరు కనిపిస్తే అది ఏ కాలం నాటి ఫొటోయో తేల్చుకోవడానికి ఒక ఆధారం దొరికినట్టే.

పతకాల విషయంలో, యుద్ధాల విషయంలో పత్రంలో ఉన్నదే రాయాలి. ఓడ యుద్ధంలో పాల్గొన్నంత మాత్రాన ఆ రోజు ఆయన అందులో ఉన్నారని కాదు. తేదీలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. నిజాయితీగా బతికిన మనిషికి లేని ఘనత అంటగట్టడం ఆయనను అవమానించడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

తేదీలు కుదిరాక, ఓడలో ఆయన చేసిన పనేమిటో అర్థం చేసుకోవాలి. "నౌకాదళంలో ఎలక్ట్రీషియన్" అన్న ఒక్క ముక్కతో ఇది తెలియదు. జనరేటర్ల దగ్గర ఉండేవారా, స్విచ్‌బోర్డు చూసేవారా, మోటార్లు విప్పేవారా, దిక్సూచి పరికరాల పని చేసేవారా అని ఆయనతో పనిచేసినవారిని అడగండి. ఇంటి వైరింగులో న్యూట్రల్‌ను భూమికి కలుపుతారు; చాలా యుద్ధనౌకల్లో మాత్రం విద్యుత్ వ్యవస్థను ఓడ శరీరానికి కలపకుండా విడిగా ఉంచుతారు. ఒక తీగ ఎక్కడో ఇనుముకు తగిలినా సరఫరా ఆగకూడదన్నది దాని ఉద్దేశం. అలా సరఫరా ఆగదు కాబట్టే తప్పు ఎక్కడుందో పైకి తెలియదు, రెండో తీగ కూడా తగిలేలోపు దాన్ని పట్టుకోవాలి. ఉప్పు తేమకు ఇన్సులేషన్ దెబ్బతినే చోట ఒక్కొక్క సర్క్యూటు విడదీసి, మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం) పెట్టి, గంటల తరబడి వెతకడమే ఆ ఉద్యోగం. ఇది తెలిశాక మా పెద్దనాన్నగారి ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది.

డ్యూటీ వేళలు కూడా అడగండి. ఓడలో పగలూ రాత్రీ నాలుగేసి గంటల వంతులుగా పంచుకోవడం, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న సమయాన్ని మాత్రం రెండేసి గంటలుగా విడగొట్టడం చాలా కాలంగా ఉన్న పద్ధతి. అందువల్ల అర్ధరాత్రి వంతు రోజూ ఒకరికే పడకుండా మారుతూ ఉంటుంది. మా పెద్దనాన్నగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థనకు కూర్చునేవారు. మేమంతా దాన్ని భక్తి అనే అనుకున్నాం. అర్ధరాత్రి వంతు నాలుగింటికి ముగించుకుని, పడుకునే ముందు ప్రార్థన చేసుకోవడం ఆయనకు ఓడలోనే అలవాటైందని పాత సహచరుడొకరు చెప్పారు.

తరువాతి జీవితం రాయడానికి ఆయన పనిచేసిన ఇళ్లకు వెళ్లాలి. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారు" అనే జవాబు వస్తుంది. "మీ ఇంట్లో ఆయన చివరిసారి ఏం బాగుచేశారు?" అని అడిగితే మనిషి కనిపిస్తాడు. ఒక ఇల్లాలు నాకు ఇలా చెప్పారు: ఆయన మెయిన్ ఆపాక కూడా తీగ మీద చెయ్యి వేసేవారు కారు. కరెంటు ఉన్న చోట మీటరు పెట్టి అది పనిచేస్తోందని చూసుకునేవారు, తరువాత తాను ముట్టుకోబోయే తీగకు పెట్టేవారు, మళ్లీ కరెంటు ఉన్న చోటికి వెళ్లి ఇంకోసారి చూసుకునేవారు. పనిముట్టే చెడిపోయి ఉంటే చచ్చిన తీగకూ బతికిన తీగకూ తేడా తెలియదు కాబట్టి జాగ్రత్త తెలిసిన ఎలక్ట్రీషియన్లు ఈ మూడు పరీక్షలూ చేస్తారు. మీరు సేకరించిన సంగతులను కూడా ఇలాగే సరిచూసుకోండి. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగి, మళ్లీ మొదటివారి దగ్గరకు వెళ్లండి.

భక్తి గురించి రాయడమే అన్నిటికన్నా కష్టం. ఆ మాట వాడకుండా ఒక పేజీ రాసి చూడమని నా సలహా. ఆయన ప్రార్థన పుస్తకం తెరిచి ఏ పేజీల అంచులు నలిగాయో, ఏ వాక్యాల కింద గీత ఉందో చూడండి. మా పెద్దనాన్నగారి పుస్తకంలో ఒక పేజీ గుర్తు కోసం నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఉంది. దాని జిగురు పక్క పేజీకి అంటుకుని రెండు అక్షరాలు చెరిగిపోయాయి. ప్రార్థనా మందిరంలో దీపాలూ మైకూ ఆయనే చూసేవారని, అందరికన్నా గంట ముందే వచ్చి నిచ్చెన ఎక్కేవారని రాస్తే చాలు, విశేషణం అక్కరలేదు.

ఆయన కోపం గురించి, కుటుంబానికి దూరంగా గడిపిన సంవత్సరాల గురించి కూడా ఒకటి రెండు వాక్యాలు ఉండాలి. అయితే ఇంట్లోవారి మనసు నొచ్చుకునేది ఏదైనా ఉంటే వారిని అడిగాకే రాయాలి. సభలో చదవడానికి ఐదారు నిమిషాలకు మించకుండా చూసుకోండి.

చివరగా, రాసినదాన్ని ఆయనతో ఎక్కువ కాలం బతికినవారికి గట్టిగా చదివి వినిపించండి. రెండోసారి రాసినదాన్ని నేను పెద్దమ్మకు అలాగే చదివి వినిపించాను. ఇంట్లో కరెంటు పోతే పెద్దనాన్నగారు ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో ఫ్యూజు తీగ చుట్టేవారని రాసిన చోట ఆమె ఆపమంది. "టార్చి నేను పట్టుకునేదాన్ని" అంది. ఆ వాక్యం అక్కడే మార్చాను.