షుగరున్నవాళ్లు కిడ్నీ దెబ్బను ముందే ఎలా కనిపెట్టాలి?

కాళ్లు వాచాక చూపించుకుందాంలే అని ఆగకండి. ఆ వాపు బాగా ఆలస్యంగా వస్తుంది. అంతకు ఏళ్ల ముందే కిడ్నీ లోపల ఇంకో వాపు మొదలవుతుంది. దానికి నొప్పి ఉండదు, కంటికీ కనబడదు. చక్కెర ఎక్కువై సన్నని రక్తనాళాలు దెబ్బతింటే, బాగుచేయడానికి వచ్చిన తెల్ల రక్తకణాలే అక్కడ తిష్ఠవేసి కిడ్నీని మచ్చలు కట్టేలా చేస్తాయి. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే.

మొదట పొద్దున్నే పోసిన మూత్రం ల్యాబ్‌కి ఇచ్చి, ఆల్బుమిన్ క్రియాటినిన్ రేషియో చూడమనండి. ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో ఎంత పోతోందో చెప్పే లెక్క అది. 30 లోపు ఉంటే మంచిది. 30 దాటితే కంగారుపడొద్దు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కాబట్టి మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చేయించి, మూడు పరీక్షల్లో రెండుసార్లు ఎక్కువొస్తేనే ఖాయం చేస్తారు. టైప్ 2 వాళ్లకు షుగరు బయటపడిన ఏడాది నుంచే ఏటా ఈ పరీక్ష చేయాలి.

రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని కూడా చూపించి, ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఏపాటి వడకడుతున్నాయో చెప్పే అంకె, ఎంతో అడగండి. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువుంటే కిడ్నీ జబ్బే. మన శ్రీకాకుళం జిల్లాలో ఈ రెండో పరీక్ష మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానంలో షుగరు లేనివాళ్లకీ కిడ్నీలు పోతున్నాయి. ఆ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు. ఒక్క మూత్ర పరీక్ష బాగుందని ధీమాగా ఉండకూడదు.

ఇక నొప్పి బిళ్లలు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. జీడితోటలో రోజంతా వంగి పనిచేసి, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో రెండు మాత్రలు కత్తిరించి తెచ్చుకుంటారు. ఆ ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. షీటు మొత్తం చూపించమని అడిగి, పేరు చదివించుకోండి.

ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. ఎండుచేప, ఆవకాయ కూడా ఆ లెక్కలోవే.

బీపీ 130/80 లోపుకి తేవడానికి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి రాస్తే, బీపీ తగ్గిందని మానేయొద్దు, అవి ప్రొటీన్ పోకుండానూ కాస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ తరహా మందు, అంటే కిడ్నీని కూడా కాపాడే షుగరు మాత్ర, మీకు సరిపడుతుందేమో డాక్టరుగారిని అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం ఈ మాత్రలు వేసుకోవాలా ఆపాలా అని ఆయనకు ఫోన్ చేసి కనుక్కోండి.