గేమ్ ఎలా ఉంది మామా అని అడిగితే ఏం చెప్పాలంటే

2025 సెప్టెంబర్, సిల్క్‌సాంగ్ అనే గేమ్ వచ్చిన వారం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా ఫ్రెండ్ ఒకడు "ఎలా ఉంది మామా?" అని మెసేజ్ పెట్టాడు. నేనప్పుడు సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో నిలబడి ఉన్నా, ఒక చెయ్యి కడ్డీ మీద, ఇంకో చేతిలో ఫోన్. "తోపు. కళ్ళు మూసుకుని కొనెయ్" అని కొట్టి జేబులో పెట్టేశా. వాడు నిజంగానే కళ్ళు మూసుకుని కొన్నాడు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "నీకేం ద్రోహం చేశాన్రా నేను?" అన్నాడు.

వాడిది రాత్రి షిఫ్ట్. పనికి కూర్చునే ముందు దొరికేది ముప్పావుగంట. 2017లో వచ్చిన మొదటి భాగం, హాలో నైట్, వాడు ముట్టుకోనే లేదు. ఈ ఆటలో మొదట్లో మనకుండేది ఐదు మాస్కుల ప్రాణం, కొన్ని దెబ్బలకి ఒకేసారి రెండు పోతాయి, అంటే అలాంటివి మూడు తింటే పని అయిపోయినట్టే. చచ్చాక ఆఖరిసారి కూర్చున్న బెంచీ దగ్గర లేస్తాం, అక్కణ్ణుంచి బాస్ దాకా, అంటే ఆ పెద్ద శత్రువు దాకా, మళ్ళీ గెంతుకుంటూ పరిగెత్తాలి. కూర్చోనివ్వడానికి కూడా పూసలు (ఆటలో అవే డబ్బులు) కట్టించుకునే బెంచీలున్నాయి ఇందులో, మన పీజీ ఓనర్లే నయం. వాడికున్న ముప్పావుగంటలో బాస్‌తో కొట్లాడింది ఏ ఎనిమిది నిమిషాలో, మిగతాదంతా పరుగే.

ఇవన్నీ నాకు తెలుసు, చెప్పలేదంతే. మొదటి భాగంలో గాల్లోంచి కిందికి కొడితే దెబ్బ నిట్టనిలువుగా పడేది, ఇందులో మనం ఆడించే హార్నెట్ మొదట్లో ఏటవాలుగా దూసుకెళ్తుంది, అది చేతికి అలవాటు కావడానికి పాత ఆట ఆడిన నాకే ఒక సాయంత్రం పట్టింది. అలవాటయ్యాక మాత్రం అంత కమ్మటి కదలిక ఇంకో ఆటలో చూళ్ళేదు. కాబట్టి నేను "తోపు" అన్నది అబద్ధం కాదు, వాడు "దరిద్రం" అన్నదీ అబద్ధం కాదు. మధ్యలో నేను మింగేసిన నాలుగు ముక్కలే వాడి డబ్బులు తినేశాయి.

అప్పట్నుంచీ ఎవరు అడిగినా ఒక పద్ధతి పెట్టుకున్నా. మీకూ పనికొస్తుందేమో చూడండి, చెప్పేటప్పుడైనా, ఇంకొకరు చెప్తుంటే వినేటప్పుడైనా.

ముందు మీ సంగతి చెప్పండి, తర్వాత గేమ్ సంగతి

ఎన్ని గంటలు ఆడారు, దేని మీద ఆడారు, ఎక్కడిదాకా వచ్చారు, ఇలాంటివి ఇంతకు ముందు ఆడారా. "12 గంటలు ఆడా, ల్యాప్‌టాప్‌లో, కంట్రోలర్ పెట్టుకుని, మొదటి భాగం పూర్తి చేశా, ఇప్పుడు ఒక బాస్ దగ్గర ఇరుక్కున్నా" అంటే రెండు లైన్లు. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర అది టైప్ చెయ్యడానికి కావల్సినంత టైమ్ ఉంటుంది, నేనే బద్ధకించా.

గంటలు ఎందుకు ముఖ్యమంటే, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదటి రెండు మూడు గంటలు మంచులో గుర్రాలు ఈడ్చుకుంటూ వెళ్ళడమే. అక్కడితో ఆపేసినవాడు "సోది" అంటాడు, అది దాటి కొండ దిగినవాడు నెల రోజులు ఫోన్ ఎత్తడు. ఇంకో రకం వాళ్ళూ ఉంటారు, 300 గంటలు ఆడి "అస్సలు బాగాలేదు, కొనకండి" అని రాసేవాళ్ళు. అది రివ్యూ కాదు, అలక. ఇంట్లో అలిగి అన్నం మానేసినవాణ్ణి కూర ఎలా ఉందని అడిగితే ఏం చెప్తాడు? పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో ప్రతి రివ్యూతో పాటు ఆ మనిషి ఎన్ని గంటలు ఆడాడో ఉంటుంది, బొటనవేలు పైకుందా కిందికుందా అన్నదానికంటే ముందు అది చూడండి.

నా వరకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, రోజులో ఏ టైమ్‌లో ఆడారు అన్నది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర నలిగి వచ్చి రాత్రి పదింటికి ఆడిన ఆటకీ, అదే ఆటని ఆదివారం టిఫిన్ తిని ఫ్యాన్ కింద కూర్చుని ఆడినదానికీ పోలికే ఉండదు. నేను ఎల్డెన్ రింగ్‌ని రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశా, రెండూ వర్కింగ్ డేస్‌లోనే. మూడోసారి సంక్రాంతి సెలవుల్లో పట్టుకుంటే వదల్లేదు.

ఎప్పటి మాట అది?

సైబర్‌పంక్ 2077 అనగానే మా రూమ్మేట్ ఇప్పటికీ "అది చెత్త కదా" అంటాడు. వాడు చూసింది 2020 డిసెంబర్‌లో, గుంటూరులో వాళ్ళ బావ ఇంట్లో, సోనీ ప్లేస్టేషన్ 4 మీద. అప్పటికి వాడి మాట అక్షరాలా నిజం. పాత కన్సోళ్ళ మీద ఆట ఎంత ఘోరంగా నడిచిందంటే వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది, మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. తర్వాత 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చి నైపుణ్యాల పద్ధతీ, పోలీసులు వెంటపడే తీరూ అన్నీ తిరగరాశారు. నో మ్యాన్స్ స్కై కథ కూడా అలాంటిదే, 2016లో వచ్చినప్పుడు జనం దుమ్మెత్తిపోశారు, వాళ్ళు ఏళ్ళ తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోయారు. అంచేత పాత ఆట గురించి చెప్తుంటే ఏ ఏడాది ఆడారో ఒక మాట అనండి. వింటున్నవాళ్ళయితే స్టీమ్‌లో మొత్తం రివ్యూలు వేరుగా, ఈమధ్య వచ్చినవి వేరుగా చూపిస్తారు, రెండూ చూడండి.

రెండిటికీ బాగా తేడా ఉంటే కారణం వెతకండి, అది ఆటలోనే ఉండాలని లేదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 మీద ఒక్కసారిగా లక్షల్లో తిట్ల రివ్యూలు పడ్డాయి. తుపాకులు బాగాలేక కాదు, పీసీలో ఆడేవాళ్ళు కూడా ప్లేస్టేషన్ అకౌంట్ లింక్ చెయ్యాల్సిందే అన్నందుకు, అసలు ఆ అకౌంటే దొరకని దేశాలు బోలెడున్నాయి. కొన్ని రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆ వారంలో పైపైన చూసి "ఓహో ఆట పాడైపోయింది" అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నా.

అన్నీ బాగున్నాయండీ అనకండి

గ్రాఫిక్స్ బాగున్నాయి, స్టోరీ బాగుంది, మ్యూజిక్ బాగుంది. పెళ్ళి భోజనం ఎలా ఉందంటే "అన్నీ బాగున్నాయండీ" అన్నట్టు. గుత్తివంకాయ గురించి చెప్పు నాయనా! ఒక్క సంగతి పట్టుకుని దగ్గర్నుంచి చెప్తే మిగతాది వినేవాళ్ళే ఊహించుకుంటారు.

క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 గురించి మా ఆఫీసులో ఒకాయన లంచ్ దగ్గర అడిగారు. ఆయన చిన్నప్పుడు పోకెమాన్ ఆడి వదిలేసిన మనిషి. ఇలా చెప్పా: "ఇది వంతుల వారీగా కొట్టుకునే ఆటండీ, మీ వంతు వచ్చినప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. కానీ ఎదుటివాడి వంతులో చేతులు ముడుచుకుని కూర్చుంటే చస్తారు, దెబ్బ తగిలే క్షణంలో సరిగ్గా బటన్ నొక్కాలి. వాడు కత్తి ఎత్తుతాడు, మీరు గబుక్కున నొక్కేస్తారు, వాడు ఇంకా గాల్లోనే ఆగి ఉంటాడు, తర్వాత దించుతాడు. ఆ ఆగడం దగ్గరే అందరం మోసపోతాం." ఆయనకి అప్పుడే తెలిసిపోయింది తనకి పడుతుందో లేదో. "మా అబ్బాయి తాళం నేర్చుకుంటున్నాడు, వాడికి నచ్చుద్దిలే" అని నవ్వారు. కష్టం తగ్గించుకునే స్టోరీ మోడ్ కూడా ఉందని అది కూడా చెప్పా, అది చెప్పడం నామోషీ అనుకునేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.

కథ విషయంలో నా గీత ఒకటే, ట్రైలర్‌లో చూపించినదాకా చెప్పొచ్చు. ఏటా ఒక అంకె రాస్తారు, ఆ వయసువాళ్ళంతా మాయమైపోతారు, ఈసారి అంకె 33. అంతే. అక్కణ్ణుంచి ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా పాపం తగులుతుంది.

వాళ్ళకి తెలిసిన దాంతో మొదలుపెట్టండి

ఇది మా నాన్న దగ్గర నేర్చుకున్నా. కళ్ళు చూపించుకోవడానికి నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గర పది రోజులున్నాడు. నేను సోఫాలో పడుకుని ఫోన్‌లో బలాట్రో ఆడుతుంటే వెనక నిలబడి చూసి, "ఏందిరా, పేకాటాడతా ఉండావా?" అన్నాడు. గొంతులో టెన్షన్. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి మరీ నిషేధించింది, అదంతా పేపర్లో చదివిన మనిషి, కొడుకు పోలీసు స్టేషన్లో ఉన్నట్టే చూస్తున్నాడు. ఇండీ గేమ్, రోగ్‌లైక్, డెక్ బిల్డింగ్ అని నేను మొదలుపెట్టి ఉంటే ఆ రాత్రే అమ్మకి ఫోన్ వెళ్ళేది.

పక్కన కూర్చోబెట్టుకుని చూపించా. పైసా పందెం లేదు. జతలు కొట్టాలి, లేదా వరసగా ఐదు ముక్కలు, రమ్మీలోలాగా అన్నీ ఒకే గుర్తువి కానక్కర్లేదు. చిప్స్‌ని పక్కనున్న అంకెతో గుణిస్తే వచ్చేదే స్కోరు, ప్రతి రౌండుకీ దాటాల్సిన స్కోరు పెరుగుతూ పోతుంది. పైన వరసలో ఉన్నవి జోకర్లు, ఒక్కోటీ ఆ లెక్కని ఒక్కోలా మారుస్తుంది.

"జోకర్లు ఎన్ని?"

"ఐదు పెట్టుకోవచ్చు నాన్నా."

"ఐదు జోకర్లు చేతిలో పెట్టుకుని ఆడేది కూడా ఒక ఆటేనా?"

అని తీసిపారేసి, మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. అన్నట్టు ఆయన అనుమానం యూరప్ వాళ్ళకీ వచ్చింది, అక్కడి రేటింగ్ సంస్థ ఈ ఆటకి 18 ఏళ్ళు దాటినవాళ్ళకే అని ముద్ర వేసి, అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో 12కి దించింది.

డబ్బులూ, జీబీలూ

ఇది చిన్న విషయం అనుకుంటాం గానీ పీజీలో ముప్పై మంది ఒకే వైఫై పంచుకునేచోట బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలని చెప్పకుండా "అద్భుతం, వెంటనే ఆడు" అనడం అన్యాయం. సైజు చెప్పండి, మీ గ్రాఫిక్స్ కార్డ్ ఏదో చెప్పండి. కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్‌కి వెళ్ళి కొత్త కార్డ్ బిగించుకున్నవాడికి వెన్నలా నడిచే ఆట నాలుగేళ్ళ ల్యాప్‌టాప్ మీద నత్తలా నడవొచ్చు.

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే డబ్బులు వెనక్కి అడగొచ్చు. కానీ ఆ 2 గంటలు గేమ్ తెరిచి ఉంచిన టైమ్, మీరు ఆడిన టైమ్ కాదు. ఒకసారి నేను కొత్త గేమ్ మొదలుపెట్టానో లేదో కింద నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, మోటార్ వెయ్యడానికి దిగా, ఓనర్ ఆంటీ మెయింటెనెన్స్ లెక్కలు తీశారు, అక్కణ్ణుంచి దోసెకి వెళ్ళా. వచ్చి చూస్తే పాజ్ మెనూ మీద మీటర్ తిరిగి తిరిగి 2 గంటల 40 నిమిషాలు. ఆట నచ్చకపోయినా ఉంచుకున్నా, ఎవరినీ ఏమీ అనడానికి లేదు. అందుకని ఆ మొదటి 2 గంటల్లో కథ చూస్తూ కూర్చోకుండా ముందు మీ సిస్టమ్ మీద ఎలా నడుస్తుందో, అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో, కంట్రోలర్ పట్టుకుంటుందో లేదో చూసేయండి, లేచి వెళ్ళేటప్పుడు ఆపేసి వెళ్ళండి.

ఇద్దరు ఉండాల్సిన ఆట అయితే అది మొదటి మాటే కావాలి. స్ప్లిట్ ఫిక్షన్ ఒక్కరే ఆడలేరు, అసలు కుదరదు. కానీ ఒకరు కొంటే రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్‌తో ఊరికే ఆడొచ్చు, ఇది తెలియక ఇద్దరూ కొనుక్కున్న జంట ఒకటి నాకు తెలుసు.

ఫోన్‌లో బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్‌కి మన దేశం కోసం చేసిన రూపం) ఆడేవాళ్ళని "అదీ ఒక గేమేనా" అనే పీసీ బ్యాచ్ ఒకటుంది, నేనూ కొన్నాళ్ళు అందులో ఉన్నా. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు, బీజీఎంఐ 2021 జూలైలో వచ్చింది, ఏడాదికే స్టోర్లలోంచి పోయింది, 2023లో తిరిగొచ్చింది. ఇన్నిసార్లు పోయినా మా ఊరి కుర్రాళ్ళు నలుగురూ, ఒకడు హైదరాబాద్, ఒకడు చెన్నై, శనివారం రాత్రి పదకొండుకి మళ్ళీ అందులోనే కలుస్తారు. అది ఎలా ఉందంటే ఆ నలుగురూ ఎలా ఉన్నారో చెప్పాలి, తుపాకుల గురించి చెప్తే ఏం లాభం.

తిట్టాల్సి వస్తే "బాగాలేదు" బదులు "నాకు పడలేదు" అని, ఎందుకు పడలేదో ఒక్క ముక్క కలపండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. మిగతా సగం ఆగవు, వదిలెయ్యండి.

మొన్న మళ్ళీ ఆ వైట్‌ఫీల్డ్ వాడే, "హేడీస్ 2 ఎలా ఉంది?" అన్నాడు. ఈసారి నేనే ఎదురడిగా, ఇప్పుడు షిఫ్ట్ ఏంటి, రోజుకి ఎంతసేపు దొరుకుతుంది, కంట్రోలర్ కొన్నావా. ముప్పావుగంటే, కొనలేదు అన్నాడు. సరే అయితే, ఒక రౌండ్ దాదాపు అంతే పడుతుంది, మధ్యలో ఆపేసినా మళ్ళీ అదే గదిలోంచి మొదలుపెట్టొచ్చు, చచ్చినా కథ ముందుకే వెళ్తుంది, గూటికి తిరిగొచ్చాక అక్కడివాళ్ళు కొత్త మాటలు మాట్లాడతారు, బటన్లు మాత్రం గబగబా నొక్కాలి, నీ కీబోర్డ్ మీద వేళ్ళు నొప్పెడతాయి, ముందు 2020లో వచ్చిన మొదటి భాగం తీసుకో, తక్కువలో పోతుంది అని చెప్పా. అంతా చదివి చాలాసేపు టైప్ చేస్తూనే ఉన్నాడు. చివరికి వచ్చిన మెసేజ్, "సేల్ ఎప్పుడు మామా?"